ఇటు తిరిగి చెప్పండి

ఆ కాలంలో మేష్టరు తప్పు మేష్టరుది కాదు. పాఠం అర్థం కాకపోతే పిల్లవాడి బుర్ర మందం, అర్థమైతే మన ప్రతిభ. ఏలూరులో నేను కొత్తగా లెక్కల మేష్టరుగా చేరిన హైస్కూల్లో అందరం ఈ నమ్మకంతో సుఖంగా ఉండగా, మా హెడ్మాస్టరుగారు రాజమండ్రి ట్రైనింగు కాలేజీకి వెళ్ళొచ్చి, మేష్టర్లు జంటలుగా ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని, లోపాలు చెప్పుకుని బాగుపడాలన్నారు. (బాగుపడడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, వినడమే కష్టం.) నాకు జంటగా కొల్లేటి పల్లెనుంచి వచ్చిన తెలుగు పంతులుగారు పడ్డారు.

ఆయన నా క్లాసులో వెనకబెంచీ మీద కూర్చుని ఎప్పుడూ అనేది ఒకటే మాట. "ఏవండీ, కాస్త ఇటు తిరిగి చెప్పండి." పిల్లల మొహాలంటే భయంతో నేను పాఠమంతా నల్లబల్లకే చెప్పేవాణ్ణి. బల్లకు లెక్కలు బాగానే వచ్చేశాయి. మొదట ఒళ్ళు మండినా చివరికి తిరిగాను. తిరిగితే ఎవరు బిక్కమొహం వేశారో కనబడింది, వాళ్ళకోసం మళ్ళీ చెప్పడం అలవాటైంది. ఇంతటి బోధనారహస్యం తెలిసిన మనిషని ఆయనంటే గురి కుదిరింది.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజున పంతులుగారి క్లాసులో వెనక నేనున్నాను. ఇన్‌స్పెక్టరుగారికి పెదవులు కనబడనంత మీసం. ఆయన ఒక పద్యానికి అర్థమడిగితే పంతులుగారు ఆ మీసంకేసి చూసి, దిక్కులేనట్టు నాకేసి చూశారు. అప్పుడు తెలిసింది, ఆయనకు చెవులు వినబడవని, ఇన్నాళ్ళూ పెదవులు చూసే నెట్టుకొస్తున్నారని. నా బోధనారహస్యం అదన్నమాట. ఆ ప్రశ్ననే చప్పుడు కాకుండా పెదవులతో ఆడించాను. ఆయన చక్కగా చెప్పారు. ఇంకో ప్రశ్నకు నేను పెదవులాడిస్తుండగానే ఇన్‌స్పెక్టరుగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. (ఆవలింత అన్నాను. నమ్మలేదు.)

నాకు చీవాట్లతో పోయింది. పంతులుగారికి ఉద్యోగమే పోయింది. పడవ ఎక్కించడానికి కొల్లేటి ఒడ్డుదాకా వెళ్ళి, చెవుల సంగతి నాకైనా ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే మీరు జాలిపడి గట్టిగా అరిచేవారండీ. ఇటు తిరిగేవారు కాదు" అన్నారు.

ఆయన పడవలో తన పల్లెవైపు మొహం పెట్టి కూర్చున్నారు. పడవ కదిలాక గుర్తొచ్చింది, నాకు పాఠం చెప్పడం నేర్పింది మీరేనని ఆయనతో ఒక్కసారీ అనలేదని. "పంతులుగారూ, ఇటు తిరగండి" అని అరిచాను. తుంగలోంచి పిట్టలు లేచాయి. ఆయన తిరగలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు నా చెవులూ పోయాయి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొత్తగా టీచరైన మనవరాలు వంటింట్లోంచి ఏదో అంటే, "ఇటు తిరిగి చెప్పమ్మా" అంటాను. తాతయ్య నాకు పాఠం చెప్పడం నేర్పుతున్నాడని ఆ పిల్ల పదిమందితో గొప్పగా చెప్పుకుంటోందట. కాదని నేను అనలేదు.