తప్పు తేలితే జిలేబీ

మా అమ్మాయి డాక్టర్ స్వర్ణలత తప్పులు చేయడం మానేస్తే తెనాలిలో జిలేబీ కొట్లన్నీ మూతపడతాయి. సరే, అన్నీ కాదు. వీరాస్వామి కొట్టు ఒక్కటే. అదీ మూతపడదు, పొయ్యి కాస్త ఆలస్యంగా వెలుగుతుంది. అంతవరకైతే ప్రమాణం చేసి చెప్పగలను.

ఆమె నరాల వైద్యురాలు. ఆ చదువు చదివే పీజీ డాక్టర్లకు గురువు కూడా. లోకంలో డాక్టర్లు తమ మాట నిజమైతే సంతోషిస్తారు. మా అమ్మాయి తన మాట తప్పని తేలితే సంతోషిస్తుంది. తేల్చిన పీజీ చేతిలో బెల్లం జిలేబీ పెట్టి, ఆనక వార్డంతా పంచుతుంది. నేను కాన్వెంటులో చదివినప్పుడు తప్పు చెబితే సిస్టరుగారు స్కేలుతో వేళ్ల మీద వడ్డించేవారు. ఆ పద్ధతే ఉంటే నా కూతురికి ఈపాటికి వేళ్లు మిగిలేవి కావు.

వీరాస్వామి నన్ను రోడ్డు మీదే ఆపేస్తాడు.

"ఏంటండీ మాస్టారూ, డాక్టరమ్మగారు ఈ వారం ఒక్క తప్పూ చేయలేదా? పాకం పట్టేసి కూర్చున్నానండి."

"ప్రయత్నిస్తోందయ్యా. కాస్త ఓపిక పట్టు."

ఒకసారి అంగలకుదురు కాంతమ్మ, తన భర్త మంచం పక్కనే మా అమ్మాయి జిలేబీలు పంచుతుంటే చూసి కొంగు నడుముకు దోపింది.

"మా ఆయన జబ్బేంటో తెలీక మిఠాయిలు తింటున్నారా?"

"తెలిసిందమ్మా. నేననుకున్నది కాదంట. నేననుకున్నదే అయితే చాలా పెద్ద జబ్బు."

కాంతమ్మ కాసేపు ఆలోచించి చెయ్యి చాపింది. "అయితే నాకు రెండు పెట్టు."

ఇంట్లోనూ ఇదే చట్టం. మా ఆవిడ రత్నం పెట్టిన కాఫీని కళ్లు మూసుకుని గుర్తుపడతానని ఒకరోజు కోతలు కోశాను. "రుజువేంటి నాన్నా?" అంటూ అమ్మాయి నా కళ్లకు తువ్వాలు కట్టి, వరసగా గ్లాసులు పెట్టింది. నేను ఆహా ఓహో అన్నది పక్కింటి జయలక్ష్మిగారి కాఫీని. ఆరోజు జిలేబీ నేను తెచ్చాను. రత్నం ముట్టుకోలేదు.

ఇంతలో బాపట్ల నుంచి జీవన్ కుమార్ అనే కుర్రాడు పీజీగా చేరాడు. పుస్తకమంతా బుర్రలో ఉంది, నోట్లో మాత్రం మాట లేదు. రౌండ్సులో అందరి వెనకా మూలన నిలబడేవాడు. ఒకరోజు రేపల్లె నుంచి వరమ్మ వచ్చింది. పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది. "నడుము దగ్గర నరం నొక్కుకుంది," అని మా అమ్మాయి అందరి ముందూ తేల్చేసింది. మూలన పెదాలు కదిలాయి.

"ఏంటి నాయనా గొణుగుతున్నావు?"

"ఏం లేదు మేడమ్."

"ఏం లేకుండానే పెదాలు కదిలితే నిన్ను కూడా పరీక్ష చేయాలి. చెప్పు."

జీవన్ చెమటలు తుడుచుకుని వరమ్మను అడిగాడు. "పెద్దమ్మా, ఏం పని చేస్తావు? ఎలా కూర్చుని చేస్తావు?"

"రొయ్యలు ఒలుస్తా బాబూ. పొద్దస్తమానం గొంతుక్కూర్చునే."

"అయితే నడుము కాదు మేడమ్. మోకాలి పక్క నరం."

పరీక్ష చేస్తే అతను చెప్పిందే నిజం. జిలేబీలు వచ్చాయి. జీవన్ తింటుంటే మా అమ్మాయి అంది: "వరమ్మ కాలు బాగుచేస్తే నువ్వు డాక్టరువి. ఆమె పక్కన కూర్చునే వాళ్ల కాళ్లు పడిపోకుండా ఏం చేయాలో తేల్చితే అప్పుడు శాస్త్రవేత్తవి కూడా."

కుర్రాడు ఊగిపోయాడు. కొన్ని రొయ్యల షెడ్లలో కూర్చోవడానికి పీటలిచ్చాడు, కొన్నిటిలో ఇవ్వలేదు. పీటలున్న చోట తిమ్మిర్లు తగ్గుతాయని అతని ఊహ. సీజను అయ్యాక చూస్తే రెండు చోట్లా ఒకటే తిమ్మిరి. మా వరండాలో కూలబడ్డాడు.

"తాతగారూ, మేడమ్‌తో మీరే చెప్పండి. రీసెర్చి నావల్ల కాదండి. ఇది పట్టుకుని బాపట్ల మీటింగులో పెద్ద డాక్టర్ల ముందు ఎలా నిలబడను? మా ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకుంటాను."

లోపల్నుంచి కేక వచ్చింది. "తప్పని తేలిందా? నాన్నా, వీరాస్వామికి ఫోన్ చెయ్యి!"

"నవ్వులాటగా ఉందా మేడమ్?" కుర్రాడు చివాల్న లేచాడు.

"లేదు. మందు ఇచ్చావు సరే. పేషంటు మింగిందో లేదో చూశావా?"

మర్నాడు ముగ్గురం రేపల్లె రైలెక్కాం. షెడ్డులో ప్రతి పీటా రాజాలా ఉంది. దాని మీద రొయ్యల బేసిను. దాని ముందు ఆడవాళ్లు, ఎప్పటిలాగే గొంతుక్కూర్చుని.

"నీ పీటలు బంగారం బాబూ," అంది వరమ్మ. "బేసిను ఎత్తులో ఉంటే వంగక్కర్లేదు. నడుంనొప్పి పోయింది."

జీవన్ నోరు తెరిచి, అలాగే నవ్వడం మొదలెట్టాడు. "మేడమ్, తప్పు పీటది కాదు! మనిషికొకటి, బేసినుకొకటి ఇవ్వాలి!" అంటూ షెడ్డంతా తిరిగి బేసిన్ల ఎత్తు కొలవసాగాడు.

వరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నాడు బాబాయిగారూ. ఆరోజు వీడు నోరు విప్పుతాడో లేదోనని డాక్టరమ్మ ఒకటే బెంగ."

"ఏరోజు?"

"నడుమని చెప్పిన రోజు. ముందురోజే నా మోకాలి పక్క తట్టి జబ్బు ఇక్కడేనని చెప్పేసిందిగా. 'రేపు నేను తప్పు చెబుతాను, నువ్వు నోరెత్తకు. మూలన నిలబడే అబ్బాయి అడిగితేనే చెప్పు' అంది. నవ్వాపుకోలేక చచ్చాననుకో!"

బాపట్ల మీటింగులో జీవన్ మొదటి మాట, "నేననుకున్నది తప్పు. ఎందుకు తప్పో చెబుతాను." పెద్దాయన డాక్టర్ శివరామయ్య లేచి, "రెండు పీటలిచ్చినా కూర్చోకపోతే?" అన్నారు.

"మళ్లీ జిలేబీ తెస్తానండి."

హాలంతా నవ్వింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. జీవన్‌కి సగం, నా కూతురికి సగం.

తిరుగు రైల్లో మా అమ్మాయి ముందు వరమ్మ మాట బయటపెట్టాను. ఇన్నాళ్లూ నేను తిన్న జిలేబీల్లో నిజం తప్పులవెన్ని, దొంగ తప్పులవెన్ని అని నిలదీశాను. ఉప్పు తక్కువైందన్నా రుజువడిగే మనిషి, దీనికి మాత్రం రుజువేంటని అడగలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది:

"అదంతా ఒట్టిది నాన్నా. నేను నిజంగానే తప్పు చెప్పాను. వరమ్మ ఇంకెవరినో చూసి నేననుకుంది. నువ్వు చెప్పేదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు. తప్పు నీది కాబట్టి, దిగగానే జిలేబీ తెచ్చేదీ నువ్వే."