సబ్బుపెట్టెలో బ్యాటరీ

సూరత్‌లో మేముండే డిండోలి నుంచి భేస్తాన్‌కి సాయంత్రాలు సైకిల్ మీద వెళ్ళి చదువు చెబుతానని మా ఆవిడ అన్నప్పుడు నేను వద్దనలేదు. "లైటు లేకుండా ఆ దారిన ఎలా వెళ్తావు? నేను చేసిస్తాను, ఆగు" అన్నాను. వద్దనలేదు కదా అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

అది రెండువేల అయిదు ప్రాంతం. నేను సూరత్‌లో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసేవాణ్ణి. ఆమె డిగ్రీ చదువు మా రెండు గదుల ఇంట్లో ఊరికే పడి ఉండేది. భేస్తాన్‌లో తెలంగాణ నుంచి వలసొచ్చిన మగ్గాల కార్మికుల ఇళ్ళలో ఆడవాళ్ళు చీరలకి రాళ్ళు అతికించే పని చేసేవారు. పిల్లలు గుజరాతీ బడికి వెళ్తున్నారు, తల్లులకి తెలుగు అక్షరమైనా రాదు. ఎవరో చెబితే ఈమెను వెతుక్కుంటూ వచ్చారు. "పని వొడిసినంక గంటసేపు చెప్పక్కా, చాలు" అన్నారు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. పట్టాల వెంబడి దారికి దీపాల్లేవు. సైకిల్‌కి డైనమో ఉంది గాని, తొక్కితేనే వెలుగు. రైలు గేటు దగ్గర ఆగితే ఆరిపోతుంది.

అందుకని బ్యాటరీ మొదలుపెట్టాను. పాత కార్డ్‌లెస్ ఫోన్లలోంచి తీసిన సెల్స్‌ని ఒక్కొక్కటే చార్జ్ చేసి, బల్బు పెట్టి చూసి, సమానంగా నిలిచేవాటినే ఏరాను. వరసగా కలిపి సోల్డరింగ్ చేసి సబ్బుపెట్టెలో అమర్చాను. వాన నీళ్ళు పోకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. అప్పుడప్పుడే బజార్లోకి వస్తున్న తెల్ల ఎల్‌ఈడీలు తెచ్చాను. ఆ పనిలో ప్రాణం ఎంత హాయిగా ఉండేదో. డ్యూటీ నుంచి రాగానే ఆమె టీ ఇచ్చేది, నేను సామాను పరుచుకునేవాణ్ణి.

"అయిందాండీ?"

"ఇంకో రెండ్రోజులు. ఒక సెల్ వేడెక్కుతోంది."

నిజంగానే వేడెక్కేది. అది మార్చాక వైరు పొట్టిదనిపించింది. తర్వాత స్విచ్ వదులుగా ఉంది.

ఇలా రోజులు గడుస్తుండగా ఆ ఆడవాళ్ళలో ఒకామె మళ్ళీ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే నా ముందున్న సామాను చూసి, "ఏందన్నా, రైలింజనుకు పెడతవా ఏంది గిన్ని వైర్లు?" అంది. మా ఆవిడ పకపకా నవ్వింది.

"అక్కా, లైటు లేకుంటే ఏమాయె? గేటు కాడికి మేం నలుగురం ఎదురొస్తం, మళ్ల ఇంటిదాక తోల్కొస్తం. జర రా. లేకుంటే మావోళ్లు ఇంకొకల్లను మాట్లాడేటట్టున్నరు."

మా ఆవిడ నా వంక చూసింది. నేను సోల్డరింగ్ ఐరన్ మీంచి చూపు తిప్పకుండా, "ఎల్లుండికల్లా అయిపోతుందమ్మా, నేనే పంపిస్తాను" అన్నాను.

మర్నాడే అయిపోయింది. స్విచ్ వేస్తే గోడ మీద తెల్లగా, గుండ్రంగా వెలుగు పడింది. లోపల ఆమె వంట చేస్తున్నంతసేపూ వెలుగుతూనే ఉంది, కాస్తయినా తగ్గలేదు. సెల్స్ చల్లగా ఉన్నాయి. ఎక్కడా వంక లేదు. వంక లేదని తెలిశాక నాకు సంతోషం కలగలేదు. రేపట్నుంచి తాళం తీసుకుని చీకటి ఇంట్లోకి రావాలి. నా టీ నేనే పెట్టుకోవాలి. పక్కింటివాళ్ళు అడిగితే, మా ఆవిడ సైకిల్ మీద వెళ్ళిందని చెప్పుకోవాలి. లైటు ఆర్పి ట్యూబు ముక్క విప్పాను. పెట్టె తెరిచి, బాగున్న అతుకు మీద వేడి ఐరన్ ఆనించి ఊడదీశాను.

తలెత్తితే వంటింటి గుమ్మంలో ఆమె. చేతిలో గరిటె. ఎప్పట్నుంచి నిలబడి ఉందో తెలియదు.

"ఒక అతుకు సరిగ్గా లేదు" అన్నాను.

"సరేనండీ" అని లోపలికి వెళ్ళింది.

మళ్ళీ అయిందా అని అడగలేదు. భేస్తాన్ వాళ్ళు ఎవరో కుర్రాణ్ణి పెట్టుకున్నారు. ఆ తర్వాత నేను లైటు పూర్తిచేసి ఆమె సైకిల్‌కి బిగించాను. "బాగుంది" అంది. కొన్నాళ్ళకు ఆ కుర్రాడు మానేశాడని, మళ్ళీ రమ్మని ఆ మాటకారి మనిషే వచ్చి అడిగింది. నేను ఈసారి వెళ్ళమనే అందామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "నాకు కుదరదులేమ్మా" అంది. సైకిల్ వరండాలోనే ఉంది. వచ్చినామె లైటు వంక, నా వంక చూసి వెళ్ళిపోయింది. ఆ ఆడవాళ్ళ చదువు అంతటితో ఆగిపోయిందని తర్వాత విన్నాను.

ఆ ఏడే ఒకరోజు డ్యూటీ నుంచి వస్తుంటే, సందు చివర రిపేరు షాపు ముందు మా ఆవిడ, బాగుచేయించిన మిక్సీ పట్టుకుని నిలబడి ఉంది. ఫ్యాను రెగ్యులేటరూ, ఇస్త్రీపెట్టే అంతకుముందే అక్కడ బాగుచేయించిందట. నాకు తెలియనే తెలియదు.

"నేను లేనా ఇంట్లో? నాకు చెప్పొచ్చుగా" అన్నాను.

"మీకిస్తే ఎన్నాళ్ళవుతుందోనని" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. కోపమూ లేదు. కోపం కోసం ఆమె మొహంలో చాలాసేపు వెతికాను. మిక్సీ నేను మోస్తానన్నాను. బరువేం లేదంది. ఆ అతుకు బాగానే ఉండిందని దారిలోనైనా చెప్పేయాలనుకున్నాను. ఇల్లు వచ్చేసింది. ఆమె లోపలికి వెళ్ళి పప్పు రుబ్బడం మొదలుపెట్టింది.