గోడ అవతలి నీళ్లు

లింగాల చుట్టుపక్కల మట్టిపని చేసేవాళ్లలో మాసయ్యను ఎరగనివాళ్లు తక్కువ. ఆయనకు యాభై ఆరేళ్లు. తాతా తండ్రీ చెరువులు తవ్వారు. ఈయన పదహారో ఏట నుంచి కాలువలూ కట్టలూ పునాదులూ తవ్వుతూ ఐదు రాష్ట్రాలు తిరిగాడు. చదువు రెండో తరగతి దాటలేదు. కొత్త చోటికి పోగానే ముందు నేల మీద ఎండుటాకులు, పుల్లలు ఎక్కడ పేరుకున్నాయో చూస్తాడు. అవి ఆగిన చోటే కిందటి వానల్లో నీళ్లు ఆగి ఉంటాయని తండ్రి నేర్పాడు. గుడిసెలు ఎక్కడ వేసుకోవాలన్నా పనికి వెంట వచ్చే గుంపంతా ఆయన మాటే వినేది.

రెండేళ్ల కిందట దసరా వెళ్లాక మాసయ్య, భార్య సావిత్రమ్మ ఒక పెద్ద నగరపు విమానాశ్రయం పనికి వెళ్లారు. ఏ నగరమో చెప్పను, దానివల్ల కథకు వచ్చేదేమీ లేదు. విమానాలు ఎక్కువై, ఉన్న రన్‌వే చాలక రెండోది వేస్తున్నారు. కూతురు నిరోష, అల్లుడు అనిల్ అప్పటికే అక్కడ ఉన్నారు. అనిల్ టిప్పర్ నడుపుతాడు. వాళ్లకు ఎనిమిది నెలల పాప. కంపెనీ వేసిచ్చిన రేకుల షెడ్లలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లే అరవై కుటుంబాల దాకా ఉండేవి. మానవపాడు దగ్గరి నుంచి వచ్చిన ఇస్రాయేలు ఇంకో గుంపుకు మేస్త్రి. సైటు ఇంజనీరు శ్రీనాథ్‌ది కూడా వనపర్తే. ముప్పై ఏళ్లు నిండని కుర్రాడు. తన ఊరి మాట వినపడితే ఆగి పలకరించేవాడు.

సంక్రాంతి దాటాక పని కుంట దగ్గరికి వచ్చింది. పాత ప్రహరీ బయట పది పన్నెండు ఎకరాల కుంట అది. దాన్ని పూడ్చి చదును చేయాలి. కుంట ఉంటే కొంగలూ బాతులూ వస్తాయి, అవి విమానం రెక్కలకు తగులుతాయి, కాబట్టి ఉండకూడదని సూపర్‌వైజర్ జయపాల్ చెప్పాడు. మాసయ్య నలభై ఏళ్లలో ఎన్నో కుంటలు తవ్వాడు కానీ ఒక్కటి కూడా పూడ్చలేదు. ఆ రోజు అన్నం సరిగా తినలేదని సావిత్రమ్మ చెబుతుంది.

టిప్పర్లు మొరం తెచ్చి పోస్తూనే ఉన్నాయి. బురదలోంచి తాబేళ్లు బయటికొచ్చి ఎటు పోవాలో తెలియక రోడ్డు మీద నిలబడేవి. సావిత్రమ్మ, మరో నలుగురు ఆడవాళ్లు వాటిని సిమెంటు సంచుల్లో వేసుకుని దూరాన ఉన్న కాలువలో విడిచి వచ్చారు. కొంగలు మాత్రం పోలేదు. కుంట ఉన్న చోటు మీద తిరిగి తిరిగి, కొత్త కాంక్రీటు తడవడానికి కట్టిన నీళ్లలో వాలేవి. వాటిని బెదరగొట్టడానికి ఒక మనిషి పొద్దంతా టపాకాయలు కాల్చేవాడు. ప్రతి మోతకూ పాప ఉలిక్కిపడేది.

నెల తిరక్కుండానే షెడ్ల దగ్గరి బోరు ఎండింది. ట్యాంకరు నీళ్లు వచ్చాయి. వాటిలో కిరసనాయిలు వాసన ఉందని ఆడవాళ్లు గొణిగారు. మాసయ్య మనసు మాత్రం వేరేచోట ఉంది. కుంట కట్ట మీద నిలబడి చూసినప్పుడే ఆయన అలుగు జాడ కనిపెట్టాడు. కుంట నిండితే పొర్లిన నీళ్లు పోయే పాత దారి అది. సరిగ్గా ఆ దారికి అడ్డంగా కొత్త ప్రహరీ లేస్తోంది. పన్నెండు అడుగుల ఎత్తు, ఎక్కడా ఒక్క తూము లేదు. గోడకు ఇవతల, పల్లంలో, వాళ్ల షెడ్లు.

అనుమానం తీరక ఒక ఆదివారం తాపీవాళ్ల దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చాడు. అద్దంలా కనపడే సన్నని పైపులో నీళ్లు నింపి, ఒక కొన ఇస్రాయేలుకు ఇచ్చి గోడ అవతల పూడ్చిన నేల మీద నిలబెట్టాడు. రెండో కొన గోడ మీదుగా ఇవతలికి తెచ్చి తాను నిరోష షెడ్డు గడప దగ్గర పట్టుకున్నాడు. పైపులో నీళ్లు ఆయన ఛాతీ దాకా లేచి నిలిచాయి. అవతలి నేల కంటే షెడ్డు గడప అంత కిందికి ఉంది. ఇస్రాయేలును కేకేసి పిలిచాడు. ఇస్రాయేలు వచ్చి ఏమైందన్నా అని అడిగితే, తప్పు చూశానేమోనని మళ్లీ ఒకసారి పట్టించాడు. మళ్లీ అంతే వచ్చింది.

మర్నాడు శ్రీనాథ్‌ను కలిశాడు.

"సారు, మట్టి నీళ్లు తాగుతది. సిమెంటు తాగదు. ఇంత జాగల పడ్డ వాన మొత్తం గా గోడకాడికే వస్తది. ఆడ నీళ్లు పోయే తొవ్వ లేదు."

శ్రీనాథ్ నక్షా తెరిచి చూపించాడు. పెద్ద కాలువ ఒకటి ఉందట. దాని పని గోడ పూర్తయ్యాక వచ్చే విడతలో ఉందట.

"గోడ ముందుగాల, కాలువ ఎనక అంటే ఎట్ల సారు? గోడకు నాలుగు తూములన్న ఇడువుండ్రి."

విమానాశ్రయం గోడకు పిల్లి దూరేంత సందు ఉన్నా పైనుంచి అనుమతి కావాలని శ్రీనాథ్ అన్నాడు. అయినా లెవెల్ పైపు సంగతి విన్నాక అతని ముఖం మారింది. తాను స్వయంగా కొలిపించి పై వాళ్లకు ఉత్తరం రాశాడు. నెల రోజుల్లో రెండుసార్లు రాశాడు. జవాబు రాలేదు.

జూన్‌లో మాసయ్య, సావిత్రమ్మ విత్తనాలకు ఊరికి వచ్చారు. నిరోష వాళ్లు అక్కడే ఉండిపోయారు. తమతో రమ్మని మాసయ్య ఎంతో బతిమాలాడు. టిప్పర్ పని పోతే మళ్లీ దొరకదని అనిల్ కదల్లేదు.

కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో పత్తి పెట్టారు. మొలక వచ్చింది, వానలు సమయానికి పడుతున్నాయి. ఊరంతా సంతోషంగా ఉంది. మాసయ్య ఒక్కడే మబ్బు పట్టిన ప్రతిసారీ పని ఆపి, అది ఎటు పోతుందో చూసేవాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నిరోషకు ఫోన్ చేసి వాన పడిందా, గోడ ఎట్లా ఉంది అని అడిగేవాడు. ఆమె విసుక్కునేది. కొడుకు నవీన్ అయితే, నాయినకు గోడ పిచ్చి పట్టిందని నవ్వేవాడు.

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం నిరోషే ఫోన్ చేసింది.

"నాయినా, గోడ కింద చెమ్మ వస్తుంది. మన షెడ్డు పక్కకే. రెండు దినాల సంది జల్లు పడుతుంది, గంతే."

మాసయ్య చేలోంచి కాళ్లకు బురదతోనే ఇంటికి వచ్చాడు. సావిత్రమ్మ వద్దనలేదు. సంచిలో రెండు జతల బట్టలు, రొట్టెలు పెట్టి, "పిల్లల తీస్కోని రా," అంది. ఆయన అచ్చంపేటలో బస్సెక్కి, ఇంకో రెండు బస్సులు మారి, మర్నాడు పొద్దున్నే సైటులో దిగాడు.

సంచి కింద పెట్టకుండానే అవతలికి వెళ్లి చూశాడు. గోడను ఆనుకుని మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి. వాటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో నూనె తేలుతోంది. ఇవతల గోడ అడుగున చెమ్మ జానెడు ఎత్తుకు ఎక్కింది. అరచేయి ఆనించి చూస్తే సున్నం పొరలా ఊడి వచ్చింది. ఆకాశం అప్పటికే నల్లబడుతోంది.

షెడ్లు ఖాళీ చేసి, కొత్త రోడ్డు కోసం పోసిన ఎత్తు కట్ట మీదికి పోదామని అందరికీ చెప్పాడు. పది కుటుంబాలు కదిలాయి. మిగతావాళ్లు ఆకాశం చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జయపాల్ వచ్చి, మధ్యలో పని ఆపితే అందర్నీ తీసేయిస్తానని, ముసలాయన ఊరికే పరేషాన్ చేస్తున్నాడని అన్నాడు.

అప్పుడు ఇస్రాయేలు తన షెడ్డులోకి వెళ్లాడు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నెను గుడ్డతో పట్టుకుని బయటికొచ్చి, కట్ట వైపు నడిచాడు. ఆయన భార్య బియ్యం డబ్బా ఎత్తుకుని వెనక నడిచింది. వాళ్ల గుంపు లేచింది. గంటలో మిగతావాళ్లు కూడా మూటలు కట్టారు. నిరోష పాపను కొంగులో చుట్టుకుంది. శ్రీనాథ్ సంగతి తెలిసి పరుగున వచ్చి, కట్ట మీద ఉన్న సిమెంటు గోదాము తాళం తన చేత్తోనే తీశాడు. దానికి అతనికి అధికారం లేదని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైంది. ఎదురుగా ఉన్న మనిషి కనిపించనంత వాన. మాసయ్య గోదాము గుమ్మంలో నిలబడి కుటుంబాలను లెక్కపెట్టాడు. అరవైకి అరవై సరిపోయాయి. మళ్లీ మనుషులను లెక్కపెడితే ఒకరు తక్కువ వచ్చారు. బాలమణి లేదు. కొడుకూ కోడలూ పనికి పోతే షెడ్డు కాచుకునే ముసలామె. ఆధార్ కార్డూ రేషన్ కార్డూ మరిచిపోయానని వెనక్కి పోయిందని ఎవరో చెప్పారు.

మాసయ్యా ఇస్రాయేలూ వానలోకి దిగారు. వాళ్లు కట్ట సగం దిగేసరికి గోడ నుంచి ఒక శబ్దం వచ్చింది. పెద్ద చప్పుడు కాదట, ఎద్దు మోకాళ్లు ముడిచి కూర్చున్నట్టు ఉందని మాసయ్య అంటాడు. ముప్పై గజాల గోడ ఇవతలికి ఒరిగి పడిపోయింది. దాని వెనకే నీళ్లు. రేకులు కాగితాల్లా తేలాయి. నిరోష షెడ్డు ఉన్న చోట గోడ ముక్కలు తప్ప ఏమీ లేవు.

బాలమణి ఆ చివరి షెడ్డు దగ్గర కరెంటు స్తంభాన్ని పట్టుకుని దొరికింది. కార్డుల ప్లాస్టిక్ కవరు పళ్ల మధ్య కరిచి పట్టుకుంది. ఒక కాలు మోకాలి కింద విరిగింది. ఇద్దరూ ఆమెను భుజాల మీద మోసి తెచ్చారు. ఆ రోజు ఎవరూ చావలేదు. బాలమణి మాత్రం మూడు నెలలు దవాఖానలో ఉండి, కుంటుతూ ఊరికి పోయింది. ముందే మనుషులను లెక్కపెట్టి ఉంటే ఆమె కాలు దక్కేదని మాసయ్య ఇప్పటికీ అంటాడు. ఆ మాట దగ్గర ఎవరెంత చెప్పినా వినడు.

వారం లోపే గోడ మళ్లీ లేచింది. ఈసారి ఇనుప కడ్డీలు బిగించిన తూములు పెట్టారు, కాలువ కూడా తవ్వారు. నిరోష వాళ్లు ఊరికి వచ్చేశారు. అనిల్ ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ట్రాక్టరు నడుపుతున్నాడు. శ్రీనాథ్‌ను ఇంకో సైటుకు పంపించారు. మాసయ్య గుంపును ఆ పనికి మళ్లీ ఎవరూ పిలవలేదు.

అంతటితో ఆయన నిశ్చింతగా ఉండవలసింది. కానీ పత్తి ఏరే రోజుల్లో ఒకనాడు చేలో పని చేస్తూ చేస్తూ ఆగిపోయాడు. శ్రీనాథ్‌కు ఫోన్ కలిపించాడు.

"సారు, గా కాలువ ఏడికి పోతుంది?"

కింద ఒక పల్లె ఉంది, దాని పక్కనుంచి పోతుందని శ్రీనాథ్ చెప్పాడు.

"వాళ్లకు ఎవరన్న చెప్పిండ్రా?"

శ్రీనాథ్, "నాకు తెల్వదు మాసయ్యా," అన్నాడు.

వానలు మొదలు కాకముందే, ఈ ఏడు మే నెలలో, మాసయ్య ఇస్రాయేలును వెంటబెట్టుకుని ఆ పల్లెకు వెళ్లాడు. భాష సగమే అర్థమైంది. పల్లెవాళ్లు ముందు తమ బావులు చూపించారు. రెండు ఎండిపోయాయి, మూడోదాంట్లో నీళ్ల మీద నూనె మెరుస్తోంది. మాసయ్య కాలువ వెంట పైనుంచి కింది దాకా నడిచాడు, లెవెల్ పైపు పట్టాడు, ఆకులు ఎక్కడ పేరుకున్నాయో చూశాడు. సాయంత్రానికి బడి గోడ దగ్గరికి వచ్చి, బొగ్గుముక్కతో తన నడుము ఎత్తున ఒక గీత గీశాడు. నీళ్లు ఇక్కడి దాకా వస్తాయని చేతులతో చెప్పాడు.

ఒక పెద్దామె ఆ గీతను చాలాసేపు చూసి, ఎప్పుడు అని అడిగింది.

మాసయ్య పిల్లల పుస్తకాలు పై అరల్లో పెట్టమని మాత్రం చెప్పాడు. తర్వాత బస్సుకు ఇంకా గంట ఉన్నా కూర్చోలేక, కాలువ వైపు మరోసారి నడిచాడు.