ముద్ఖేడ్ ఇంట్లో రొట్టె చప్పుడు

పిల్లలూ, మీ అమ్మమ్మ దయ్యాలను నమ్మే మనిషి కాదని మీ అమ్మను అడిగితే చెప్తుంది. చిన్నప్పుడు మా పుట్టింటి పత్తి కొట్టంలో ఎవరో తిరుగుతున్నారని అందరూ బెదిరిపోతే, నేనే లోపలికి వెళ్లి చూసి వచ్చేదాన్ని. పిల్లి తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పటికీ ఎవరైనా అట్లాంటి కథలు మొదలుపెడితే నాకు నవ్వే వస్తుంది. అందుకే ఇది ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు.

నాందేడ్ వదిలి ముద్ఖేడే ఎందుకు పోయారని మీరు ఫోన్‌లో అడిగారు. రైలుంది కదా అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అదొక్కటే కారణం కూడా కాదు.

నాందేడ్ పాత బజారు గల్లీలో మేమున్న అద్దె ఇల్లు మీరు చూసిందే. యజమాని దాన్ని పడగొట్టి పెద్ద బిల్డింగ్ కడతానన్నాడు. మంచివాడే, దీపావళి దాకా ఉండండి అన్నాడు. కానీ మెట్లెక్కే పని లేకుండా నలుగురం పట్టే ఇల్లు ఊళ్లో మాకు దొరకలేదు. మీ మామ పనిచేసే కళ్లద్దాల దుకాణం దగ్గర మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు ఉన్నాయన్నారు. మీ తాత మోకాళ్లతో అక్కడికి ఎక్కడం కుదిరేది కాదు.

అప్పుడు ఇంట్లో ఒక మాట మొదలైంది. మామ, అత్త ఆ గదిలో ఉంటారు, మేమిద్దరం పుణెకు మీ దగ్గరికి వచ్చేస్తాం అని. మీ అమ్మ ప్రేమగానే పిలిచింది. మీ దగ్గర ఉండటం నాకు ఇష్టం లేక కాదు బిడ్డా. కానీ ఇన్నేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్లం రెండు ఊళ్ల పాలవుతామంటే నాకు ముద్ద దిగేది కాదు. మీ అత్త గిన్నెలు తోముతూ కొంగుతో కళ్లు తుడుచుకునేది. అడిగితే సబ్బు పడింది అనేది.

అందుకని ఊరి బయట వెతకడం మొదలుపెట్టాం. మామ రోజూ నాందేడ్ వెళ్లి రాగలగాలి, మేమంతా ఒకచోటే ఉండాలి. అంతే కావాల్సింది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇల్లు చూడటానికి వెళ్తే, ఇంట్లో పెద్ద ఆడమనిషి ముందు వంటగదిలోకి పోయి పొయ్యి పెట్టే చోటు దగ్గర నేల మీద కూర్చుంటుంది. ముందు చెక్కపీట ఉన్నట్టు, చేతిలో జొన్నపిండి ముద్ద ఉన్నట్టు అనుకుని, ఉత్త గాల్లోనే రొట్టె కొట్టి చూస్తుంది. మోచెయ్యి గోడకు తగిలితే ఆ ఇల్లు వద్దు. తలుపు తీసినప్పుడు వీపుకు తగిలినా వద్దు. నాకిది మా అత్త నేర్పింది, అంటే మీ తాత వాళ్లమ్మ. మర్ఖేల్‌లో కొత్త ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ముందే కూర్చుని చేతులాడించి, గోడ జరిపించిన మనిషి ఆమె.

మీ మామకు నన్ను అట్లా చూస్తే తమాషా. "అమ్మా, ఇల్లు జూస్తున్నమా, రొట్టెల దుకాణం పెడుతున్నమా?" అనేవాడు.

ఊరి చివర కొత్త లేఅవుట్‌లో ఒక ఇల్లు చూశాం. మోచెయ్యి తగిలింది. పైగా చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. సగరోళిలో మీ అత్త వాళ్ల చుట్టాలు ఒక ఇల్లు చూపించారు. వంటగది బ్రహ్మాండంగా ఉంది, గాలి బాగుంది. కానీ అక్కడి నుంచి నాందేడ్ బస్సులో రోజూ అంటే అయ్యే పని కాదు. "పొద్దుగాల పోతె మీరు పండుకున్నంకనే వస్త. ఫోటో ఇచ్చిపోత, గోడకు పెట్టుకోండ్రి" అన్నాడు మామ. అట్లాంటి మాటలనొద్దని కసిరాను. మీ అత్త మొహం తిప్పుకుంది.

మీ తాత అయితే దేనికీ ఒప్పుకోలేదు. బాగున్న ఇల్లూ వద్దు, బాగాలేని ఇల్లూ వద్దు. వచ్చి గడప దగ్గర నిలబడి, తల అడ్డంగా ఊపి, వెనక్కి నడిచేవాడు. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవని మీకు తెలుసు. పప్పు మిల్లులో అన్నేళ్లు చేసిన పని ఆ చెవులను తినేసింది. మీ అమ్మ కొనిచ్చిన చెవి మిషన్ ఉంది కానీ, "అది వెట్టుకుంటె అందరి లొల్లి ఇనాలె" అని తీసేస్తాడు.

ముద్ఖేడ్‌కు పొద్దున రైల్లో వెళ్లాం. అరగంట ప్రయాణం. బండి చప్పుడు భరించలేనని తాత మిషన్ తీసి నాకిచ్చాడు, నేను సంచిలో వేసుకున్నాను. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత జరిగిందంతా మిషన్ నా సంచిలో ఉండగానే జరిగింది.

స్టేషన్ దాటి కొంచెం లోపలికి ఆ ఇల్లు. చిన్న వాకిలి, అరుగు, కుడివైపు వంటగది, రెండు గదులు. వెనకవైపు ఇంకో గదికి తాళం వేసి ఉంది. ఇంటి యజమానురాలు పక్కింట్లోనే ఉంటుంది, మరాఠీ ఆమె, మనం పిన్ని అన్నట్టు అందరూ శకుంతలా కాకూ అంటారు. తాత లోపలికి రాకుండా అరుగు మీద వీధివైపు తిరిగి కూర్చున్నాడు. నేను వంటగదిలో కూర్చుని గాల్లో రొట్టె కొట్టి చూశాను. ఎక్కడా తగల్లేదు. వెలుతురు కూడా బాగా వస్తోంది. ఈసారైనా ఆయన ఒప్పుకుంటే బాగుండు అనుకుంటూ లేచాను.

అప్పుడు అరుగు మీద నుంచి తాత కేకేశాడు. "ఏమే, రొట్టెలు ఎవరు చేస్తున్నరు?"

నన్ను చూసి అన్నాడేమో అనుకున్నాను. కానీ ఆయన వీపు ఇంటివైపు ఉంది, మధ్యలో గోడ ఉంది. నేను చేసిందాంట్లో చప్పుడూ లేదు. బయటికి వచ్చి ఏంటని చేత్తో అడిగాను.

"గా తాళమేసిన అర్రల. నీకు ఇనొస్తలేదా?"

వినపడని మనిషి నన్ను వినపడటం లేదా అని అడుగుతుంటే మీ అత్తకూ నాకూ నవ్వాగలేదు. మామ ఆయన చెవి దగ్గరికి పోయి, "బాపూ, స్టేషన్ల బండి చప్పుడు గావచ్చు" అని గట్టిగా చెప్పాడు. తాత కాదన్నాడు. మోకాలి మీద అరచేత్తో కొట్టి చూపించాడు. రెండు దెబ్బలు, వేలి గోటితో ఒక టక్కు. మళ్లీ రెండు దెబ్బలు, ఒక టక్కు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మా అత్త చేతికి వెండి కడెం ఉండేది. రొట్టెను తిప్పిన ప్రతిసారీ అది పీట అంచుకు తగిలి టక్కుమనేది. ఆమె పక్కన కూర్చునే నేను రొట్టె నేర్చుకున్నాను. ఆమె పోయేదాకా ప్రతి పొద్దూ ఆ చప్పుడుతోనే నిద్ర లేచాను. ఇంకెవరి రొట్టెకూ ఆ టక్కు లేదు. నాకూ లేదు.

పాత సంగతి గుర్తొచ్చి కొట్టాడనుకోవచ్చు. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను. కానీ తాత గుర్తుచేసుకుంటున్నట్టు కొట్టలేదు. భజనలో తాళం వేసేవాడిలా ఆగుతున్నాడు, వింటున్నాడు, మళ్లీ అందుకుంటున్నాడు.

కాకూ తాళం తెచ్చి తీసింది. కిటికీ లేని గది. మొన్నమొన్నటిదాకా సోయాబీన్ బస్తాలు ఉండేవట, మూలల్లో పొట్టు కనిపించింది. "ఆజీ, ఇథే చూల్ కధీచ్ నవ్హతీ" అందామె. ఇక్కడ పొయ్యి ఎన్నడూ లేదని. నిజమే, గోడలకు ఎక్కడా మసి లేదు.

గది నేల నల్లరాయి. పాదాలకు చల్లగా తగులుతోంది. గోడ దగ్గర ఒక్కచోట మాత్రం వెచ్చగా తగిలింది. వంగి అరచెయ్యి పెట్టాను. పెనం అంత మేర రాయి వేడిగా ఉంది, చుట్టూ చల్లగా ఉంది. మీ అత్త చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. మామ కూడా ముట్టి చూసి, వెంటనే గోడ వెనక్కి వెళ్లి వచ్చాడు. అటు ఎవరి పొయ్యీ లేదు, ఎండ పడటం లేదు. వాడు తిరిగి వచ్చేసరికి రాయి అంతా ఒక్కలాగే చల్లబడిపోయింది.

"రొట్టెలు కొట్టుడు అయిపోయినట్టుంది" అన్నాడు తాత. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మీ అత్త నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, మనకొద్దు ఈ ఇల్లు. మీరు పుణెకే పోండ్రి. నేనేమనుకోను" అంది. నాకూ భయమే వేసింది. సంచిలోంచి మిషన్ తీసి తాత చెవికి పెట్టి, "భయమైతలేదా?" అని అడిగాను.

"మా అమ్మకు నేను భయపడాల్నా?" అన్నాడు. మోకాళ్లు రాసుకుంటూ, "తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయ్. ఇక్కడ్నే ఉందాం" అన్నాడు.

అన్ని ఇళ్లు చూసినా ఆయన నోట సరే అన్న మాట రావడం అదే మొదలు. నేను ఇంకేమీ ఆలోచించలేదు. మీ అత్త చెయ్యి వదలకుండానే కాకూకు ఇల్లు తీసుకుంటున్నామని చెప్పాను.

ఇక్కడికి వచ్చాక చెవుల డాక్టరుకు చూపించాం. వినికిడి ఏమీ మెరుగుపడలేదు, ఒక్కోసారి చెవులే లేని చప్పుళ్లు పుట్టిస్తాయి అన్నారు. ఆ మాట నేను కొట్టిపారేయను. కానీ రాయిని వేడి చేసింది ఎవరి చెవులు? ఒకసారి ఆయన వెనక కూర్చుని నేనే గట్టిగా రొట్టెలు కొట్టి చూశాను. తల కూడా తిప్పలేదు. కంచం ముందు పెట్టేదాకా ఆయనకు తెలియదు.

తాళమేసిన ఆ గదే ఇప్పుడు మా ఇద్దరిదీ. మొదట్లో మీ అత్త అందులోకి ఒక్కతే వచ్చేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం పని అయ్యాక వచ్చి నా పక్కనే నడుం వాలుస్తుంది. మామ సాయంత్రం బండి దిగి వచ్చేసరికి నలుగురికీ కంచాలు పెడతాం.

మొన్న ఉండబట్టలేక తాతను అడిగాను, ఆ చప్పుడు ఇప్పుడు కూడా వినిపిస్తుందా అని. లేదన్నాడు.

"నువ్వు పొయ్యి ముట్టిచ్చిన కాంచి ఇనొస్తలేదు. నువ్వొచ్చినవ్ గదా. ఇగ ఆమెకేం పని?"

మా అత్త మర్ఖేల్ నుంచి దెగ్లూర్ సంతకు పోయి రావడమే తప్ప ఎప్పుడూ రైలెక్కలేదు. ముద్ఖేడ్ అనే ఊరు ఎటుందో కూడా ఆమెకు తెలియదు. మేం ఇక్కడ ఉంటామని ఆ పొద్దు మాకే తెలియదు. మాకంటే ముందు ఆమెకెట్లా తెలిసిందో, బిడ్డా, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.