చెనక్కాయల పొడి పంపిన తల్లి

ఊరికి పోయి నాలుగేళ్ళయింది. సెలవు లేక కాదు, టికెట్టు దొరకక కాదు. పోతే చంపుతారు, అంతే.

ఇక్కడ గల్ఫ్‌లో, దజీజ్‌లోని ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. ఒక రోజు నేను పైకెత్తిన టైల్స్ పెట్టెల కట్టు తెగి, కింద నిలబడినవాడి మీద పడి వాడు చనిపోయాడు. వాడు మా ఊరివాడే. వీసా చూసి పిలిపించుకున్నదీ నేనే. పోలీసులు విచారించి, నా తప్పు లేదని వదిలేశారు. మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ కూడా "ఖలాస్" అని చేతులు దులుపుకున్నాడు. ఊళ్ళో ఉన్న వాడి అన్నకు మాత్రం ఖలాస్ కాలేదు. "నువ్వు ఊర్లో కాలు పెట్టు, నరుకుతా" అని ఫోన్‌లో చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి.

అబ్బాసియాలో మా గదిలో కోనసీమ పెద్దాయనొకరు ఉన్నారు, చర్చి ప్రార్థనకు పోయే మనిషి. ఒక శుక్రవారం పప్పుకు తిరగమోత పెడుతూ, పూర్వం ఇశ్రాయేలు వాళ్ళకుండిన చట్టం చెప్పారు.

"కట్టెలు కొడతంటే గొడ్డలి ఊడి పక్కోడికి తగిలి పోయాడనుకోండి. కొట్టినోడు ఆశ్రయపురానికి పారిపోవచ్చండి. కావాలని చేయలేదని పెద్దలు తేలిస్తే అక్కడే ఉంచుతారు. ఆ ఊరు దాటాడా, చచ్చినోడి చుట్టం చంపేసినా అడిగేవోడు లేడండి."

"ఎన్నాళ్ళుండాల అట్ల?" అన్నాను.

"ప్రధాన యాజకుడు పోయేదాకానండి. ఆయన పోతే ఇంటికెళ్ళిపోవచ్చండి, ఎవరూ ముట్టుకోకూడదు."

"అయితే అందరూ ఆ సామి ఎప్పుడు సస్తాడా అని కాసుకోనుంటారే!"

పెద్దాయన నవ్వారు. "అందుకేనంటండి, ఆయన తల్లి వాళ్ళకి తిండీ బట్టలూ పంపేదంట. నా కొడుకు చావు కోరుకోకండ్రా అని."

నేను నవ్వలేదు. ఆ అన్నకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసినప్పటి నుంచి నేను చేస్తున్న పనీ అదే, ఒకడి చావు కోసం కాసుకోవడం. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల సంగతి అడిగాక, "ఆయప్ప ఎట్లుండాడు?" అని అడిగేవాణ్ణి. జాలితో అడుగుతున్నానని నా భార్య అనుకునేది. ఛీ, ఏం బతుకో!

మా వైపు ఎవడు సెలవుకు పోయొచ్చినా గదిలో ప్రతివాడి ఇంటి నుంచీ ఒక పొట్లం మోసుకురావాలి. కాదనకూడదు. మొన్న వచ్చినతను నా చేతిలో రెండు డబ్బాలు పెట్టాడు. ఒకటి మా ఇంటిది. రెండోదాంట్లో చెనక్కాయల పొడి.

"ఇది ఆయమ్మ ఇచ్చిందన్నా" అన్నాడు. చనిపోయినవాడి తల్లి. "'నాకు పెద్దోడు ఒక్కడే మిగిలినాడు. వాడు బాగుండాలని మొక్కుకోమని చెప్పు నాయనా' అనింది."

నా మనసులో మాట ఆమెకు ఎవరు చెప్పారు? సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దాయన వడ్డించిన అన్నంలో ఆ పొడి కలుపుకున్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆ తల్లి చేతి ఉప్పు తిన్నాక ఇంక ఆ కోరిక కోరలేను.

మరుసటి రోజు ఇంటికి ఫోన్ చేసి, "ఆయప్ప ఎట్లుండాడు?" అన్నాను.

"కుదురుకుంటాండాడంట" అంది నా భార్య.

"మంచిదే" అన్నాను. ఇక్కడుండే పర్మిట్, ఇఖామా, ఇంకో రెండేళ్ళకు రెన్యువల్ చేయమని కఫీల్‌కు చెప్పాను.