అవ్వను నేల మీదికి దించిన రోజు

మా అవ్వ పంకజాక్షి పగటిపూట నడుం వాల్చగా నేను చూడలేదు. పగలు పడుకునేది బాలింతలూ జబ్బు చేసినవాళ్లేనని ఆమె లెక్క. బంగారుపాళ్యంలో మామిడికాయల కాలం వచ్చిందంటే తెల్లవారకముందే మండీలో ఉండేది. తోటల నుంచి దిగిన కాయల్లో దెబ్బ తగిలింది ఒక పక్కకు, గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది ఒక పక్కకు వేరుచేయడం ఆమె పని. కాయలు లేనప్పుడు చింతపండు కొట్టేది. తాత పోయేనాటికి మా అమ్మకు పెళ్లి కాలేదు, మామ బడికి పోతున్నాడు. ఇద్దరినీ ఆ చేతులతోనే ఒక దారికి తెచ్చింది. మండీలో ఆడవాళ్లు ముచ్చట్లలో పడితే, "నోరు ఆడితే ఆడనీ మే, చెయ్యి ఎందుకు ఆగాల?" అని గదమాయించేది. వాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లకు ఆమె అంటే ప్రాణం.

ఎనభై దాటినా ఇంట్లో ఆవుల పని ఆమెదే. పోయిన ఏడు ఎండాకాలంలో వాన పడిన రోజు పేడగంపతో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. తిరుపతిలో ఆపరేషన్ చేశారు. వాకర్ పట్టుకుని రోజూ నడిపిస్తే మళ్లీ తిరుగుతుందన్నాడు డాక్టరు. అవ్వ ఆ మాటే పట్టుకుంది. పళ్లు బిగించి లేచేది. మొదట నడవా దాకా, తర్వాత వాకిలి దాకా. నాకు ఫోన్ చేసి, "వచ్చే కాయల కాలానికి మండీకి పోతా, సూడు" అనింది. నేను నమ్మాను. ఎందుకు నమ్మను, మా అవ్వ కదా!

ఆడికృత్తిక వచ్చింది, సుబ్రమణ్యస్వామి పండగ. చక్కెర జబ్బు ఉన్నా ఆ రోజు ఉపవాసం ఆమె ఏనాడూ మానలేదు. పొద్దున మాత్ర మింగింది, కూడు ముట్టలేదు. మాత్ర తిండి కాదు కాబట్టి తప్పులేదని ఆమె ధర్మం. అది ప్రమాదమని ఇంట్లో ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకలేదు, కళ్లు తేలేసింది. పండక్కని చిత్తూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు బాలసుబ్రమణ్యం తాత మణికట్టు పట్టుకున్నాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. నాడి చూడటం ఎక్కడ నేర్చాడో ఆ సుబ్రమణ్యస్వామికే తెలియాలి.

"అక్క పని ఐపోయినట్టుండాది. మంచం మీద పానం పోగూడదు. దించండప్పా" అన్నాడట.

మామ మునికృష్ణ ఆసుపత్రి ఊసే ఎత్తలేదు. పెద్దాయన చెప్పాక ఇంకేముంది! చాప పరిచి, దక్షిణం వైపు తలపెట్టి దించేశారు. కమ్మలూ ముక్కుపుడకా తీసి, మామ పెళ్లాం, మా అత్త, కొంగున ముడేసుకుంది. తలాపున దీపం పెట్టారు.

ఫోన్ రాగానే నేను పనిచేసే రేణిగుంట ఫ్యాక్టరీ నుంచి బస్సు పట్టుకుని వచ్చేసరికి ఇల్లంతా ఏడుపు. ఒక్కొక్కరే వంగి ఆమె నోట్లో చెంచాతో పాలు పోస్తున్నారు. ఉపవాసం విడవడానికని చక్కెర వేసి కాచిపెట్టిన పాలవి. "డాక్టర్ని పిలిచినారా లేదా?" అని అరిచాను.

"అరవద్దు పాపా, నెమ్మదిగా పోనీ" అన్నాడు తాత.

నాకు ఒళ్లు మండిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా అవ్వ గుటక వేసింది. ఇంకో గుటక వేసింది. కాసేపటికి కళ్లు తెరిచింది.

ఒంట్లో చక్కెర పడిపోయి స్పృహ తప్పిందని అంబులెన్సులో వచ్చిన అమ్మాయి చెప్పింది. సంతోషంతో అవ్వ చెయ్యి పట్టుకున్నాను. కానీ అవ్వ మమ్మల్ని చూడటం లేదు. ఖాళీ మంచం వైపు చూసింది. దీపం చూసింది. చెయ్యి మెల్లగా ముక్కు మీదికి పోయింది. అత్త కొంగున వేసిన ముడి చూసి, మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ తర్వాత ఆమె మంచం ఎక్కలేదు. ముక్కుపుడక పెట్టనివ్వలేదు. కూడు పెడితే రెండు మెతుకులతో సరి. వాకర్ దగ్గర పెడితే గోడవైపు తిరిగింది. మామ కాళ్ల మీద పడి ఏడ్చాడు.

"తప్పేముందిరా" అనింది అవ్వ. "దించేటప్పుడు నువ్వు తల పట్టినావా, కాళ్లు పట్టినావా?"



నేను లీవు పెట్టి పక్కనే కూర్చున్నాను. తినమని బతిమాలాను, తిట్టాను. "లెయ్ అవ్వా, మండీ కాడ అందురూ నిన్నే అడగతా ఉండారు" అన్నాను.

"అందురూ ఏడ్సేసినారు కదమ్మా. మళ్లా లేస్తే మళ్లా ఏడ్సాల. వాళ్లకు మాత్రం ఓపిక యాడుంటాది?"

వినాయక చవితి రాకముందే, ఒక తెల్లవారుజామున ఆ చాప మీదే పోయింది. ఆమె అన్నట్టే అయింది. ఇంట్లో ఎవరికీ ఏడుపు రాలేదు. అంతా ముందే ఐపోయినట్టు, అత్త పోయి పొయ్యి మీది పాలు దించింది. మామ చిత్తూరుకు ఫోన్ చేసి బాలసుబ్రమణ్యం తాతకు విషయం చెప్పాడు. 

"ఈసారి నిజమేనా?" అన్నాడు తాత. "బాగా సూసినారా?"