ఆదిలాబాద్‌కు అందని చీటీ

మొన్న మెట్‌పల్లి బస్సులో నా పక్కన ఒకామె తడిగుడ్డలో చుట్టిన తునికాకు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే నా వేళ్లు వాటంతటవే ఆకు చుడుతున్నట్టు కదిలాయి. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అవ్వ అంటుంది. ఆ తర్వాత పదమూడేళ్లు బీడీలు చుట్టాను. ఇప్పుడు అవే వేళ్లు కీబోర్డు మీద తిరుగుతున్నాయంటే మధ్యలో విమలక్క ఉంది. ఆ వాసనకు నాకు బీడీలు గుర్తు రావు, ఆమె గుర్తొస్తుంది.

కరీంనగర్‌లో రక్తదాతల పేర్లు రాసి ఉంచే చిన్న సంఘం మాది. ఎవరికైనా రక్తం కావాలంటే, ఆ గ్రూపు మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో చూసి ఫోన్ చేస్తాం. నేను ఆ ఫోన్లు చేయడానికి చేరాను. నోరు పెద్దది, అదొక్కటే నా అర్హత. విమలక్క అక్కడి కంప్యూటర్లను చూసుకునేది. బొగ్గుబాయి కార్మికుని బిడ్డ, యాభై దాటింది, నవ్వొస్తే చేత్తో నోరు మూసుకునేది. చేరిన వారానికే అడిగాను.

"అక్కా, గీ డబ్బాల పేర్లు ఏడ కూసుంటయ్?"

"బీడీలు చేసి చేటల ఏస్తవు గదా స్వరూపా. చేట నిండినంక ఏం జేస్తవ్?"

"వరుస పెట్టి కట్ట కడ్త."

"ఇదీ గంతే. కొత్త పేరు ముందు మెమరీల పడ్తది, గది చేట. నిండినంక వరుస పెట్టి డిస్కు మీద ఫైలు రాస్తది, గది కట్ట. ఒక్కపారి కట్టిన కట్టను మళ్ల విప్పది."

"చేటల ఉండంగనే కరెంటు పోతే?"

అక్క కుర్చీ నా వైపు తిప్పింది. "చేటల ఏసేముందే పక్కన లాగ్ అని ఒక చిట్టాల రాసుకుంటది. కరెంటు వచ్చినంక గది చదువుకొని చేట మళ్ల నింపుకుంటది. నిన్ను బడి మాన్పించినోళ్లను తన్నాలె."

"నేనే మానేసిన అక్కా."

"అయితే నిన్నే తన్నాలె."

తర్వాత ఒకసారి, దాత ఒకాయన చనిపోయాడని కబురొచ్చింది. కట్ట విప్పకుండా పేరెట్లా తీస్తారని అడిగాను. "తియ్యం. గీ మనిషి లేడని కొత్త చీటీ రాస్తం. చదివేటప్పుడు పాతదాని మీద కొత్త చీటీ మాటే నెగ్గుతది. మా పనిల దాన్ని సమాధిరాయి అంటరు" అంది. "కంప్యూటర్లకు గూడ దినాలు చేస్తరా ఏంది?" అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఒక మిషన్ పాడైనా పేర్లు పోకూడదని అదే జాబితా మూడు చోట్ల ఉండేది: కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్. మూడింటికీ చీటీ అందేదాకా దాన్ని పారేయకూడదు. అందుకోసం అక్క పది రోజుల గడువు పెట్టింది. గడువు దాటాక పాత కట్టలన్నీ కలిపి కొత్తగా కట్టేటప్పుడు పేరూ చీటీ రెండూ ఒకేసారి పోతాయి. రెండేళ్లు నా పని చూసి, ఆ గడువు మార్చే, అప్పటిదాకా తన ఒక్కదానికే తెలిసిన పాస్‌వర్డు కూడా నాకిచ్చింది.

ఆ ఏటి వానలకు ఆదిలాబాద్ మిషన్ వారం రోజులు మూగబోయింది. ఆ వారంలోనే అక్క పెద్దపల్లికి పోయిన రోజు ఇక్కడ డిస్కు నిండిపోతోందని ఎర్ర హెచ్చరిక వచ్చింది. అక్కకు ఫోన్ చేసి అడగొచ్చు, అడగలేదు. చచ్చినోళ్లకు గింత జాగా ఎందుకనుకొని, పది రోజుల గడువును ఒక గంట చేశాను. చీటీలన్నీ ఊడ్చుకుపోయాయి, ఇక్కడా, పెద్దపల్లిలో కూడా. డిస్కు ఖాళీ అయింది. నా తెలివికి నేనే మురిసి చాయ తెప్పించుకున్నాను.

మూడో రోజు ఆదిలాబాద్ మిషన్ లేచింది. దాని దగ్గర పాత పేర్లున్నాయి, చీటీలు అందలేదు. మా దగ్గర పేర్లూ లేవు, చీటీలూ లేవు. మిషన్లు ఒకదానితో ఒకటి సరిచూసుకున్నప్పుడు, మీ దగ్గర ఈ పేర్లు తక్కువున్నాయని అది మాకు పంపింది. ఆ మనుషులు లేరని చెప్పే చీటీ ఎక్కడా మిగల్లేదు. చనిపోయినవాళ్లు మామూలుగా వచ్చి జాబితాలో కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే ఓ నెగెటివ్ రక్తం కావాలన్నారు. జాబితాలో చొప్పదండి కుర్రాడి పేరు వచ్చింది. ఫోన్ ఎత్తింది వాళ్ల నాన్న. "బాపూ, మీ పిల్లగాడు పన్నది సాలు, జర లేపుండ్రి. రక్తం గావాలె" అన్నాను. అందరితో అట్లాగే మాట్లాడేదాన్ని. అవతల ఫోన్ కట్ అయింది.

తెల్లారి పొద్దున్నే ఆయన ఆఫీసుకు వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాడు. కుడిచేతి చొక్కా మోచేయి పైదాకా మడిచి ఉంది.

"మావోడు పోయిండు బిడ్డా. దినాలు గూడ కాలే. పెద్దపల్లి ఆఫీసోళ్లకు చెప్పిన. అయినా వాడు మాటిచ్చిండు గదా, నాది తీసుకోండ్రి."

ఆ వయసులో తీసుకోరు. విమలక్క ఆయన్ని కూర్చోబెట్టి, ఆ మడత నెమ్మదిగా విప్పి, గుండీ పెట్టింది. "తప్పయింది బాపూ. నేనే సూసుకోలే."

"ఫోన్ల మాట్లాడింది నువ్వేనా?"

"నేనే" అంది అక్క.

నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నా పెద్ద నోరు తెరుచుకోలేదు. ఆయన ఆమె ముఖం వంక చూసి, లేచి వెళ్లాడు.

సంఘం అధ్యక్షుడు అడిగినప్పుడూ ఆమె అదే మాట చెప్పింది. ఇక పనికి రావద్దని ఇంటికి పొమ్మన్నారు. మెట్ల మీద చేయి పట్టుకొని ఎందుకట్ల చెప్పినవని అడిగాను.

"ఒక్కదాని చేతితోటి మారేటట్టు పెట్టింది నేనే గదనే. ఆ తప్పు నాదే."

"కని మిగతాది నాది గదక్కా."

"నీకు చెప్పబుద్ధైననాడు చెప్పుకో" అని దిగిపోయింది.

ఆమె బొగ్గుబాయి క్వార్టర్లలో తమ్ముని ఇంటికి చేరింది. వారానికోసారి ఫోన్ చేసి నవ్వించేదాన్ని. ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. చలికాలంలో ఊపిరితిత్తులు చెడి కన్నుమూసింది. ఆమె కూడా దాతే, మా జాబితాలో పేరుంది. ఆ చీటీ నేనే రాశాను. మర్నాడు అధ్యక్షుని దగ్గరికి పోయి, చేసింది నేనని చెప్పాను. "గిప్పుడెందుకమ్మా, ఆమెనే లేకపాయె" అని ఆయన చాయ కప్పు ఎత్తుకున్నాడు.

ఇప్పుడు మా దగ్గర ఆ గడువు మార్చాలంటే ఇద్దరి పాస్‌వర్డులు కావాలి. చీటీలు ఊడ్చే ముందు నేను ఆదిలాబాద్‌కు ఫోన్ చేసి, అందిందా అని నోటితో అడుగుతాను. "అందింది తల్లీ, మల్ల మల్ల అడుగకు" అని వాళ్లు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

చొప్పదండి పెద్ద దూరమేమీ కాదు. రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ఆయన ఇల్లెక్కడో కూడా కనుక్కొని, వీధి మొదట్లో చాయ తాగి, వచ్చిన బస్సే ఎక్కి తిరిగొచ్చాను. చనిపోయిన తన కొడుకును నిద్ర లేపమన్నది విమలక్కేనని ఆయన ఇంకా అనుకుంటున్నాడు.